ఏడు బ్యాండ్లు తెచ్చే బాల్యం

విదేశాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్లేవారి ఇంగ్లీషును తూచే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే భాగం మొత్తం 11 నుంచి 14 నిమిషాలే ఉంటుంది. అందులో మొదటి నాలుగైదు నిమిషాలు ఇల్లు, ఊరు, చదువు వంటి మామూలు సంగతులకు పోతాయి. చిన్నప్పుడు మీకు సైకిలు ఉండేదా, తొక్కేవారా అన్న ప్రశ్న కూడా అడపాదడపా వచ్చేది అక్కడే. పైకి అమాయకంగా కనిపించే ఈ ప్రశ్న వల్ల మన పిల్లల బాల్యం ఎంత అస్తవ్యస్తంగా గడిచిందో పరాయి దేశాలకు తెలిసిపోయే ప్రమాదం ఏర్పడిందనీ, ఆ ప్రమాదం నుంచి మన పరువు కాపాడుతున్న శిక్షణ కేంద్రాల సేవకు ఇంతవరకు ఎవరూ ఒక శాలువా అయినా కప్పలేదనీ సవినయంగా మనవి చేస్తున్నాను.

ఈ పరీక్షలో ధారాళంగా పొందికగా మాట్లాడడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికి సమానంగా విలువ కట్టి, తొమ్మిది దాకా బ్యాండ్లు అనే మార్కులు వేస్తారు. చెప్పింది నిజమా కాదా అన్నదానికి అరమార్కు కూడా లేదు. మార్కులు రాని పాఠాన్ని వదిలేయాలన్న జ్ఞానం మన పిల్లలకు ఇంటర్మీడియట్‌లోనే అబ్బుతుంది కనుక, నిజాన్ని వదిలేయడం వారికేమీ కష్టం కాలేదు. దాని స్థానంలో అమీర్‌పేట మొదలుకొని జిల్లా కేంద్రాల బస్టాండు వీధుల దాకా ఒకే బాల్యం జిరాక్సు కాగితాల మీద అందరికీ అందుతోంది.

ఆ బాల్యంలో ఏడో పుట్టినరోజున తాతగారు ఎర్ర సైకిలు కానుకగా ఇస్తారు. ఆదివారం ఉదయం నాన్నగారు పార్కుకు తీసుకువెళ్లి, వెనక సీటు పట్టుకుని కొంతదూరం పరుగెత్తి, చెప్పకుండా వదిలేస్తారు. అభ్యర్థి పడతాడు, మోకాలు గీసుకుపోతుంది, జీవితంలో ఎన్నడూ ఓటమిని ఒప్పుకోరాదని నేలమీద ఉండగానే గ్రహిస్తాడు, లేస్తాడు, ఆపైన జుట్టు గాలికి ఎగురుతుంది, స్వేచ్ఛ అంటే ఏమిటో బోధపడుతుంది. నాన్న కువైట్‌లో ఉంటూ రెండేళ్లకోసారి ఇంటికొచ్చే కడప జిల్లా పిల్లా, పార్కును శంకుస్థాపన పలక మీద తప్ప ఇంకెక్కడా చూడని చిన్న పట్టణపు కుర్రవాడూ, బడి బస్సు తప్ప మరొకటి ఎక్కి ఎరగని కూకట్‌పల్లి అపార్ట్‌మెంటు అబ్బాయీ అదే పార్కులో, అదే నాన్న చేతిలోంచి జారి, అదే మోకాలు గీసుకుంటారు. కులమత ప్రాంత భేదాలు లేని సమాజం గురించి నాయకులు ఉపన్యాసాలు ఇస్తుండగా, వీరు దాన్ని నెలన్నర కోర్సులో, స్టడీ మెటీరియల్‌తో సహా సాధించి చూపించారు.

ఇందులో ఉన్నది ఒకే ఒక లోపం, అది నిడివి. ఈ మొదటి భాగంలో పరీక్షకులు నాలుగు ముక్కలు విని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు కనుక, చాలామంది అభ్యర్థులు కేకు కోస్తూ ఉండగానే, అంటే సైకిలు ఇంకా ఇంటికి రాకముందే ఆగిపోవలసి వస్తోంది. ఆ వెంటనే ఇప్పుడూ తొక్కుతున్నారా అని అడిగితే, కాగితం ప్రకారం వారాంతాల్లో ఆరోగ్యం కోసం తొక్కుతున్నామని చెప్పాలి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే సైకిలు మేడమెట్ల కిందికీ, తాను రెసిడెన్షియల్ కాలేజీకీ చేరిన వైనం పొరపాటున కూడా నోరు జారరాదు.

కంఠస్థం చేసిన జవాబులను పరీక్షకులు ఇట్టే పసిగడతారనీ, ఉన్నదున్నట్టు మాట్లాడితే చాలుననీ కొందరు చాదస్తులు వాదిస్తుంటారు. పరీక్ష నిర్వహించే సంస్థలు కూడా ఇదే మాట చెబుతున్నాయి గాని, మన సంగతి మనకన్నా వారికెక్కువ తెలుసునా? వారి సలహా ఎంత ప్రమాదకరమో చూడండి. 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతిలో సైకిలు అందుకున్న పల్నాడు అమ్మాయి ఒకతె ఉన్నదున్నట్టు చెప్పిందనుకుందాం. చైను ఎప్పుడూ సరిగ్గా రైసు మిల్లు ముందే ఊడేదని, చేతికి గ్రీజు అంటితే తెల్ల చున్నీ పాడవుతుందని వేపపుల్లతో ఎక్కించడం నేర్చుకున్నానని, క్యారియర్ మీద కూర్చునే స్నేహితురాలు రెండు సంచులూ ఒళ్లో పెట్టుకుని లారీ వస్తే ముందుగా కేక వేసేదని, ఆ కేకే లేకపోయుంటే తాను ఈ పరీక్షకు వచ్చి ఉండేదాన్ని కాదని చెప్పిందనుకుందాం. పరీక్షకుడు తల ఎత్తుతాడు. వేపపుల్లతో ఎలా ఎక్కించావని అడుగుతాడు. ఆ పిల్ల చేతులు తిప్పుతూ వివరిస్తుంది. ఈ గొడవలో భూతకాలమూ, జరగనిదాన్ని ఊహించి చెప్పే వాక్యాలూ ఫీజు కట్టకుండానే వచ్చేస్తాయి. శిక్షణ రంగం మీద ఆధారపడిన వేల కుటుంబాల గతేమిటని ఈ చాదస్తులు ఒక్కనాడైనా ఆలోచించారా?

మూడో భాగంలో ప్రభుత్వాలు సైకిళ్లను ప్రోత్సహించాలా అన్నటువంటి పెద్ద ప్రశ్నలు వస్తాయి. మన అభ్యర్థులు ఎన్నడూ చూడని ఆమ్‌స్టర్‌డామ్‌ను అక్కడ ఎంతో ఆత్మీయంగా వర్ణిస్తారు. హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన, పైన సోలార్ పలకలు కప్పిన 23 కిలోమీటర్ల సైకిలు బాట ఊసు మాత్రం రాదు. అదీ ఒకందుకు మంచిదే. కారు వెనక సైకిలు కట్టుకుని వెళ్లి, అక్కడ దింపి తొక్కి, మళ్లీ కారుకు కట్టుకుని వచ్చే మన పద్ధతిని రెండు ముక్కల్లో వివరించడం తొమ్మిది బ్యాండ్ల వారికైనా కష్టమే.

కాబట్టి ప్రైవేటు రంగం మోస్తున్న ఈ భారాన్ని ఇకనైనా ప్రభుత్వం పంచుకోవాలి. ప్రతి మండలానికి ఒక ఎర్ర సైకిలునూ, కొద్దిపాటి పచ్చికనూ మంజూరు చేసి, ఏడేళ్లు నిండిన పిల్లలను వరుసలో నిలబెట్టి తలా ఒకసారి పడేయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మోకాలికి ధ్రువపత్రం ఇప్పించాలి. తాతగారు లేనివారికి తహసీల్దారే ఆ హోదాలో కానుక అందజేయవచ్చు. అమలులో నాకు తోచిన చిక్కల్లా ఎన్నికల కోడ్. ఆంధ్రప్రదేశ్‌లో సైకిలు ఒక పార్టీ గుర్తు కనుక, ఆ రోజుల్లో చిన్ననాటి సైకిలును ఆప్యాయంగా తలుచుకోవడం ప్రచారం కిందికి వస్తుందో రాదో ఎన్నికల సంఘం తేల్చిచెప్పాలి. అంతవరకు అక్కడి అభ్యర్థులు సైకిలు బదులు కారు గురించి మాట్లాడుకోవచ్చు. తెలంగాణ అభ్యర్థులకు ఆ వెసులుబాటు కూడా లేదు.