బొకే ఎవరు కట్టాలి?

మే నెల, రాజమండ్రిలో ఒక ఇల్లు. వారం తిరిగితే చర్చిలో పెళ్ళి, ఉదయం పదిన్నరకు ఆరాధన. చేతిలో పట్టుకునే బొకే తానే కట్టుకుంటానంటుంది పెళ్ళికూతురు. వద్దంటుంది పెద్దమ్మ.

పెద్దమ్మ: పెళ్ళికూతురు పూలు కట్టుకుంటూ కూర్చుంటే చూసినవాళ్ళు ఏమంటారే? పూలకొట్టుకి బయానా ఇచ్చేస్తే వాళ్ళే చూసుకుంటారు.

పెళ్ళికూతురు: పెళ్ళినాడు కాదు పెద్దమ్మా, ముందురోజు సాయంత్రమే కట్టేస్తాను. తెల్లవారకుండానే కడియపులంక మార్కెట్‌కి వెళ్ళి లిల్లీ కాడలు, తెల్ల గులాబీలు తెస్తా. కాడ చివర ఏటవాలుగా కోసి, నీళ్ళలో మునిగే ఆకులన్నీ దూసేసి, బకెట్లో నీళ్ళు పోసి నీడలో పెడతా. సాయంత్రానికి కడుపునిండా తాగుతాయి. అలా తాగిన పువ్వు తొందరగా వాడదు.

పెద్దమ్మ: మా మరిది పెళ్ళికీ ఇలాగే అనుకున్నారు. బొకే కట్టి రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టారు. కింద అరలో బంగినపల్లి పళ్ళున్నాయి. పొద్దున తీసి చూస్తే కార్నేషన్లన్నీ రేకులు లోపలికి ముడుచుకుని, నిద్రపోతున్నట్టున్నాయి. పండు మాగేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వస్తుందట, దానికి ఆ పువ్వు తట్టుకోలేదట. తర్వాత తెలిసి ఏం లాభం? ఆ పిల్ల ఉత్త చేతులతో చర్చిలోకి నడిచింది. ఆ ముఖం నేను మర్చిపోలేదు తల్లీ.

పెళ్ళికూతురు: (కాసేపు ఆగి) అది నాకు తెలీదు. అయితే ఫ్రిజ్ వద్దు, కార్నేషన్లూ వద్దు. పళ్ళబుట్టలు వంటింట్లో ఉంటాయి, బకెట్ ఏసీ గదిలో పెడతా.

పెద్దమ్మ: సరే, నిలవుందనుకో. కట్టడమో? నడుస్తుంటే జారిపోతే?

పెళ్ళికూతురు: ఒక కాడ నిలువుగా పట్టుకుని, మిగతావన్నీ ఒకే వైపుకి వాల్చి దానిమీద పేర్చాలి. ఒక్కో కాడ పెట్టినప్పుడల్లా గుత్తిని పిడికిట్లో కొంచెం తిప్పాలి. పాతిక కాడలయ్యేసరికి కింద కాడలు విసనకర్రలా విచ్చుకుంటాయి, పైన పూలు గుండ్రంగా కుదురుకుంటాయి. అవి కలిసేచోట నారతో బిగించాలి. మూడుసార్లు ఊడిపోయింది. నాలుగోసారి బల్లమీద పెడితే దానంతటదే నిలబడింది.

పెద్దమ్మ: ఆ కొట్టతనికి ఇరవై ఏళ్ళుగా చేయి తిరిగిన పని. నీకు నాలుగుసార్లు. అతని పనితనానికి డబ్బివ్వడంలో తప్పేముంది? అతనికీ ఈ సీజనే కదా బతుకుదెరువు.

పెళ్ళికూతురు: స్టేజీ, కారు అలంకరణ అతనికే ఇచ్చాం కదా, అందులో నేను వేలు పెట్టను. బొకే ఒక్కటే నాది. కొట్లో అయితే ప్లాస్టిక్ పిడిలో పచ్చటి ఫోమ్ ముక్క పెట్టి పూలు గుచ్చుతారు. పువ్వు మట్టిలో కలుస్తుంది, ఆ ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది కానీ కలవదు.

పెద్దమ్మ: తడి కాడల నీళ్ళు తెల్ల పట్టుచీర మీద కారితే?

పెళ్ళికూతురు: బయల్దేరేముందు తువ్వాలుతో ఒత్తి తుడిచి గుడ్డ చుడతా. దానిపైన శాటిన్ రిబ్బన్ కాదు పెద్దమ్మా, అమ్మమ్మ కట్టిన మల్లెమాల. ఆవిడకి చూపు ఆనడం లేదు కానీ వేళ్ళు ఇప్పటికీ చూడకుండానే మాల అల్లుతున్నాయి. నిన్న ఒళ్ళో మల్లెలు పోస్తే, కబుర్లు చెబుతూనే మూర కట్టేసింది. కొట్లో అడిగితే అది దొరుకుతుందా?

పెద్దమ్మ: మల్లెలు నీ చేతి వేడికి గంటలో వడిలిపోతాయే.

పెళ్ళికూతురు: ఉంగరాలు మార్చుకునేటప్పుడు ఎలాగూ తోడిపెళ్ళికూతురి చేతికి ఇచ్చేస్తా. చర్చి గుమ్మం నుంచి అయ్యగారి ముందుకెళ్ళేదాకా ఉంటే చాలు నాకు.

పెద్దమ్మ: నోటిమాట మీద నేను ఒప్పుకోను. ఈ సాయంత్రం ఒకటి కట్టు. రేపు పదిన్నరకి చీర కట్టుకుని, అది పట్టుకుని పెరట్లో పావుగంట నడువు. నేనూ అమ్మమ్మా అరుగుమీద కూర్చుంటాం. ఒక్క కాడ జారినా కొట్టుకి ఫోన్ చేస్తా.

పెళ్ళికూతురు: స్కూటీ తాళాలెక్కడ?