పిక్కల ప్రైవేటీకరణ

ఇన్నాళ్ళూ మన ఒంట్లో ఉచితంగా అందుతున్న ఒక సేవను బెంగళూరులో చడీచప్పుడు లేకుండా ప్రైవేటు రంగానికి అప్పగించేశారు. మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా లింఫాటిక్ డ్రైనేజ్ మసాజ్ అని బోర్డులు వెలిశాక గాని సంగతి బయటపడలేదు. వాపు, నొప్పి, మొహంలో ఉబ్బు, టాక్సిన్లు అన్నీ పోతాయట. ఈ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

పాత పద్ధతి ఎంత దండగమారిదో చూడండి. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. లింఫ్‌కి ఆ భాగ్యం లేదు. కణాల మధ్య మిగిలిపోయిన నీరు సన్నటి నాళాల్లోకి చేరితే దాన్నే లింఫ్ అంటారు. ఆ నాళాలు ముడుచుకుంటూ ఉంటే, మనం పిక్కలు కదిలిస్తే, ఊపిరి తీసి వదిలితే మెల్లగా పైకెక్కుతుంది. లోపల కవాటాలుంటాయి కాబట్టి వెనక్కి జారదు. దారిలో గ్రంథులు వడపోసి పంపిస్తే మెడ కింద సిరల్లో కలుస్తుంది. రోజుకి కొన్ని లీటర్ల పని. బిల్లు లేదు, అపాయింట్‌మెంట్ లేదు. ఇలాంటిదాంట్లో ఎవడు పెట్టుబడి పెడతాడు?

కాబట్టి ముందు పిక్కల్ని ఖాళీగా కూర్చోబెట్టాలి. ఈ విషయంలో ఔటర్ రింగ్ రోడ్డు ఋణం తీర్చుకోలేం. పొద్దున సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్‌లో కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడం, ఆఫీసులో కుర్చీలో కూర్చోవడం, రాత్రికి మళ్ళీ క్యాబ్. పోనీ నడుద్దామని దిగితే ఫుట్‌పాత్ మీద ఒక బండ లేచి ఉంటుంది, పక్క బండ అసలుండదు, ఆ పైదాని మీద బైకువాడు మనల్నే తప్పుకోమని హారన్ కొడుతుంటాడు. ఆదివారం ఆంధ్రా మెస్‌లో గోంగూర, ఆవకాయ, అడిగినన్ని అప్పడాలు. ఆ ఉప్పంతా నీటిని పట్టుకుని కూర్చుంటుంది. సాయంత్రానికి సాక్స్ అంచు చీలమండ మీద అచ్చు గుద్దినట్టు దిగుతుంది. సోమవారం హెచ్.ఆర్. వాళ్ళు మసాజ్ కూపన్ మెయిల్ చేస్తారు. కుర్చీ వాళ్ళదే, కూపనూ వాళ్ళదే.

మా కింది ఫ్లోర్ అమ్మాయి, తెనాలి నుంచి వచ్చిన వాళ్ళమ్మకి కాళ్ళు వాచాయని అలాంటి ఒక చోటికి తీసుకెళ్తుంటే నేనూ తోడు వెళ్ళాను. టేపుతో చీలమండ చుట్టుకొలత తీశారు. టేపుకీ చర్మానికీ మధ్య వేలు పట్టేంత సందుంది. తర్వాత అప్పడాల కర్రలాంటి చెక్క రోలర్ తీశారు. పెద్దావిడ ఓర్చుకుని, "ఏమ్మా, విషాలు పోతాయంటున్నావు, ఏ విషం?" అనడిగింది.

"అన్నీ, ఆంటీ."

"వాటికి పేర్లుంటాయి కదమ్మా?"

"బాడీలో ఉండేవి, ఆంటీ."

ఆవిడ లివరూ కిడ్నీలూ ఈ మాట విని ఉంటే ఆ పూటే రాజీనామా ఇచ్చేవి. మసాజ్ అయ్యాక టేపు చర్మంలోకి దిగేలా బిగించి చూస్తే రెండు సెంటీమీటర్లు తగ్గింది! సైన్సంటే ఇదీ. ఇంటికెళ్ళి బాగా నీళ్ళు తాగమన్నారు. మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తే టాక్సిన్లు పోతున్నట్టే లెక్కట.

ఈ విద్యని మొదట రూపొందించిన డెన్మార్క్ దంపతులు ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్‌లకి వ్యాపారం తెలియదు పాపం. 1936లో పారిస్‌లో వాళ్ళు లోకానికి చూపించింది కర్రలూ కమిలించడాలూ కాదు, చర్మాన్ని మెత్తగా కదిలించి వదలడం. రొమ్ము కాన్సర్ ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేశాక చెయ్యి వాచినవాళ్ళకి ఇవాళ్టికీ ఫిజియోథెరపిస్టులు అలాగే చేస్తారు. అక్కడితో ఆగరు. పొరలు పొరలుగా కట్లు కడతారు, వ్యాయామం చేయిస్తారు, చర్మం పగలకుండా చూసుకోమంటారు, బిగువైన స్లీవ్ తొడుగుతారు. ఇన్ని చేసినా ఇన్‌స్టాలో పెట్టుకోడానికి ఒక్క రీలైనా రాదు.

బోదకాలు సంగతి మరీ అన్యాయం. లింఫ్ నాళాలు పాడైతే ఏమవుతుందో కోస్తావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు నెత్తురులో తిరిగేది రాత్రిళ్ళే కాబట్టి, ఫైలేరియావాళ్ళు చీకటి పడ్డాక వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్ళేవాళ్ళు. ప్రభుత్వ కార్యక్రమం 1955లోనే మొదలైంది. వాచిన ఆ కాలికి కావలసిందేమిటి? రోజూ సబ్బుతో కడగడం, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవడం, ఎత్తు మీద పెట్టుకోవడం, పాదం ఆడించడం. సబ్బుబిళ్ళకి ప్లాటినం మెంబర్‌షిప్ ఎలా అమ్ముతారు?

ఇక ఆ మసాజ్ చోట నింపమన్న ఫారం సంగతి. ఒక కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడుతుంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. చర్మం ఎర్రబడి జ్వరమొస్తే ఇన్ఫెక్షన్. గుండె బలహీనపడ్డా కాళ్ళు వాస్తాయి. వీళ్ళెవరూ మసాజ్ బల్ల ఎక్కకూడదు, ముందు డాక్టర్‌ని చూడాలి. ఇవన్నీ ఫారం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. "అన్నీ నో కదా ఆంటీ?" అంటూ రిసెప్షన్ అమ్మాయే టిక్కులు పెట్టేసింది.

ఆవిడ మాత్రం పర్సులోంచి బీపీ మాత్రల షీటు తీసింది. ఆమ్లోడిపిన్. చీలమండలు వాచేలా చెయ్యడంలో దానికి ఎప్పట్నుంచో పేరుంది. సొంతంగా మానెయ్యకూడదు గాని, డాక్టర్‌కి చెబితే మోతాదో మందో మారుస్తారు. "ఈ మాత్రకి మీ ఫారంలో గడి లేదేమ్మా?" అంది.

అమ్మాయి షీటు అటూ ఇటూ తిప్పి చూసి మొహం వికసించింది. "టాబ్లెట్ల టాక్సిన్లకి వేరే ప్యాకేజీ ఉంది ఆంటీ. ఇవాళ బుక్ చేస్తే మీ అమ్మాయిక్కూడా కలుపుతాం."