సీమ కరువుకు మందు రేషన్ షాపులోనే ఉంది

కరువు ఏడాది తంతు అందరికీ తెలిసిందే. వాన లెక్కలు, కరువు మండలాల జాబితా, మా మండలం పేరేదని ధర్నాలు, ఎండిన చేలో కేంద్ర బృందం ఫొటోలు. పెట్టుబడి రాయితీ ఖాతాలో పడేసరికి మళ్లీ విత్తే కాలం వచ్చేస్తుంది. అనంతపురం సంగతి చూసీ చూసీ నాకొకటి రూఢి అయింది. అక్కడి రైతును ఆదుకోవాల్సింది వ్యవసాయ శాఖ కంటే ముందు పౌర సరఫరాల శాఖ.

ఎందుకంటారా? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఎర్రనేలల్లో దశాబ్దాలుగా లక్షల ఎకరాలకు ఒకటే పంట, వేరుశనగ. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగే వేళ మూడు వారాలు బెట్ట పడితే కాయ నిలవదు. నిజానికి గండం విత్తే రోజే మొదలవుతుంది. ఎకరా వేరుశనగకు 60 కిలోలకు పైగా విత్తన పప్పు కావాలి. కొర్రకు 2 కిలోలు చాలు, తువ్వాలు కొంగున మూట కట్టుకుని పోవచ్చు. మూడు నెలల్లో కోతకొస్తుంది. గింజ తాలు పోయినా పశువుకు గడ్డి మిగులుతుంది, ఎద్దుల్ని సంతకు తోలాల్సిన గతి తప్పుతుంది. వాన మొహం చాటేస్తే చేతి నుంచి ఎంత పోతుందన్నదే మెట్ట రైతు లెక్క. మన నిపుణులేమో ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు అన్న దగ్గరే ఆగిపోతారు.

మరి రైతు కొర్ర ఎందుకు వేయడం లేదు? కొనే నాథుడు లేక. జొన్న, సజ్జ, రాగులకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. కొర్ర, సామ, అరిక ఆ జాబితాలోనే లేవు. 1983 నాటి రెండు రూపాయల బియ్యం పేదల కడుపు నింపింది, కాదనను. అయితే అదే బియ్యం సీమ ఇళ్లలో సంగటి కుండను అటకెక్కించింది కూడా. ఇంట్లో తినని గింజను చేలో ఎవరు వేస్తారు? నూనెగింజల ధర అటు లాగింది, రేషన్ బియ్యం ఇటు నెట్టింది. 2013 ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వాలని రాసుకున్నాం. సీమలో బియ్యం బదులు కొంత రాగులు ఇచ్చే ప్రయత్నాలు జరిగాయి గానీ వాటితో చేలో పంట మారలేదు. సరిహద్దు దాటి తుమకూరు వైపు వెళ్తే కర్ణాటక సర్కారు రైతు దగ్గరే రాగులు కొని రేషన్‌లో ఇస్తోంది. పక్క భాష వాళ్ల దాకా ఎందుకు, తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు 1990లలోనే బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే దాచి, ఊరి పేదలకే చవగ్గా పంచారు.

కుర్రాళ్లు సంగటి ముట్టరని, కొర్ర పొట్టు తీయడం కష్టమని, వేరుశనగ ఇచ్చే డబ్బు ఇదివ్వదని అంటారు. పొట్టు తీసే మాట నిజమే, మండలానికో మర పెడితే తీరిపోతుంది. డబ్బంటారా, మంచి ఏడాది వేరుశనగే గెలుస్తుంది. ఆ మంచి ఏడాదులు ఎన్నొచ్చాయో వేసిన రైతునే అడగండి.

అసలు తిరకాసు మన నోట్లో ఉంది. అన్నమంటే వరి అన్నమే అయిపోయింది. కొర్రన్నానికి కొర్ర అని చెప్పుకోవాలి, వరికి ఆ అవసరం లేదు. వరి తినేది పెద్దిల్లు, సంగటి తినేది లేని ఇల్లు అన్న చిన్నచూపు మన కాలువలను కూడా నడిపించింది. నీళ్లు దొరికిన చోటల్లా మడి కట్టాం, నీళ్లు లేని చోట బోరు వేసి మరీ కట్టాం. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, జీ20 విందులో విదేశీ అతిథులకు వడ్డించారు. షుగరొచ్చిన హైదరాబాదు ఉద్యోగి ఇప్పుడు కొర్రలు వెతుక్కుని మరీ కొంటున్నాడు. హిందూపురం హాస్టల్ పిల్లవాడి కంచంలోకి మాత్రం అవి రావు.

కొర్రకు రాష్ట్రమే ధర కట్టాలి. ఎంత కొంటుందో, ఏ అంగన్‌వాడీకి, ఏ హాస్టల్‌కు, ఏ రేషన్ షాపుకు పంపుతుందో మే నెలలోనే చెప్పాలి. జూన్‌లో రైతులు విత్తన కాయల కోసం క్యూ కట్టాక చెబితే, ఆ ఏడాది పంట అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది.