పర్సెంటేజీ ఇస్తేనే డిజేబిలిటీ పెన్షన్ వస్తుందా?

మొన్న క్యాంటీన్ క్యూలో నా ముందున్నాయన వెనక్కి తిరిగి ఫోన్ చూపించాడు. "సుబేదార్ గారూ, ఇది నిజమేనంటారా?" అన్నాడు. ఆ మెసేజ్ అప్పటికే నాకు మూడు మాజీ సైనికుల గ్రూపుల్లో వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. సర్వీసు వల్ల వైకల్యం వచ్చినవాళ్లకిచ్చే డిజేబిలిటీ పెన్షన్ గురించి అందులో ఉన్నది ఇదీ: మెడికల్ బోర్డు "సర్వీసుకు సంబంధం లేదు" అని రాసేస్తే మనంతట మనం చేయగలిగింది ఏమీ లేదు. ఆరు నెలలు దాటితే హక్కు పోయినట్టే. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు వెళ్లడం దండగ. ప్రయాగ్‌రాజ్‌లో మనుషులున్న కన్సల్టెంట్లే పని చేయించగలరు, వాళ్లు ముందు రూపాయి తీసుకోరు, వచ్చిన బకాయిల్లో 30 శాతం ఇస్తే చాలు. కింద ఒక ఫోన్ నంబరు, "పీపీఓ, ఆధార్, స్పర్శ్ పాస్‌వర్డ్ వెంటనే పంపండి" అని. పీపీఓ అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వు, స్పర్శ్ అంటే మన పెన్షన్ చూసుకునే ఆన్‌లైన్ పోర్టల్.

నేను సర్వీసంతా క్లర్కుగానే చేశాను. తుపాకీ కన్నా ఫైలే ఎక్కువ మోశాను. మా పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్లున్నాయి, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ పిల్లల్ని సైన్యానికి పంపుతున్న ఊళ్లు. అలాంటిచోట ఇలాంటి మెసేజ్ ఒక్క సాయంత్రంలో ఎన్ని ఇళ్లు తిరిగొస్తుందో చెప్పక్కర్లేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"మెడికల్ బోర్డు రాసిందంటే రాసిందే."

అసలు గొడవంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. పెన్షన్ వచ్చే ముందు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. మధ్యలో అనారోగ్యంతో పంపించేస్తే దాన్ని ఇన్‌వాలిడింగ్ బోర్డు అంటారు. ఆ కాయితాల్లో చూడాల్సినవి రెండే: మీ జబ్బు ఎంత శాతం అన్నారు, అది సర్వీసు వల్ల వచ్చిందా లేక సర్వీసు వల్ల ముదిరిందా అన్న గళ్లలో ఏం రాశారు. రెండు గళ్లలోనూ "నో" అని ఉంటే దాన్ని "నీదర్ అట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్" అంటారు. మనవాళ్ల నోట్లో అది "నానా". ఆ నానా వల్ల నానా తిప్పలు పడ్డవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. దాని పక్కన కారణం అని ఒక లైను ఉంటుంది. బీపీ, షుగర్ కేసుల్లో చాలాసార్లు అచ్చు గుద్దినట్టు ఒకటే మాట: జబ్బు పీస్ స్టేషన్లో (ప్రశాంతమైన చోటి పోస్టింగులో) మొదలైంది, ఫీల్డుతో (సరిహద్దు లాంటి కష్టమైన చోటి పోస్టింగుతో) సంబంధం లేదు.

ఆ లైను దేవుడి రాత కాదు. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ఆయన 1985లో ఆర్మీ సిగ్నల్స్ విభాగంలో చేరాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఫిట్స్ జబ్బని, 20 శాతం వైకల్యమని, సర్వీసుకు సంబంధం లేదని రాసి ఇంటికి పంపేశారు. కోర్టు అన్నది ఇది: చేరేటప్పుడు ఆ జబ్బు గురించి ఎక్కడా నమోదు చేయలేదంటే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. కాదు, ఇది అప్పట్లో కనిపెట్టలేని జబ్బు అని బోర్డు అనుకుంటే, ఎందుకలా అనుకుందో కారణాలు రాయాలి. సర్వీసు వల్ల కాదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే గానీ సిపాయి కాదు. తర్వాత 2014లో సుఖ్వీందర్ సింగ్, 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసుల్లోనూ కోర్టు ఇదే దారిలో నడిచింది. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. వైకల్యం శాతాన్ని పైకి సర్దడం, అంటే 50 కన్నా తక్కువుంటే 50గా, 50 నుంచి 75 దాకా 75గా, 76 నుంచి 100గా లెక్కగట్టడం, జబ్బుతో పంపేసిన వాళ్లకే కాదు, సర్వీసు పూర్తిచేసి రిటైరైన వాళ్లకీ వర్తిస్తుందని.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ మెసేజ్ రాసినవాడూ ఒకటే. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు మానసిక వ్యాధి విషయంలో సిపాయికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చేరేటప్పుడు నమోదు చేయలేదన్న ఒక్క కారణం చాలదంది. పైగా 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి. ఆ తేదీ తర్వాత బయటికి వచ్చినవాళ్ల లెక్క వేరు, పాత తీర్పు జిరాక్స్ తీసి జతచేస్తే సరిపోదు. కాబట్టి మీకు సాయం చేస్తానన్న మనిషి ముందుగా "ఎప్పుడు పెన్షన్ వచ్చారు, బోర్డు కాయితం చూపించండి" అని అడగాలి. అడక్కుండానే "గ్యారంటీ అన్నా" అన్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

"ముందు ఏమీ తీసుకోరు, వచ్చినదాంట్లో 30 శాతమే."

ఈ "మే" దగ్గర కాసేపు ఆగుదాం. ఊహకు ఒక లెక్క వేసుకోండి. చివరి జీతం లెక్కలోకి వచ్చేది 40,000 అనుకుందాం. నూటికి నూరు శాతం వైకల్యానికి డిజేబిలిటీ ఎలిమెంట్ అందులో 30 శాతం, అంటే 12,000. బోర్డు 30 శాతం వైకల్యం రాస్తే అది 50కి సర్దుబాటవుతుంది కాబట్టి నెలకు 6,000, దానిమీద డీఆర్ (ధరల పెరుగుదలకిచ్చే భత్యం) అదనం. మూడేళ్ల బకాయి డీఆర్ కలపకుండానే 2,16,000. కన్సల్టెంట్ వాటా 64,800. ఆయన చేసిన పని? రెండు పేజీల అప్పీలు, అదీ ఇంకొకరి పేరు చెరిపి మీ పేరు పెట్టింది.

డబ్బు మాట అలా ఉంచండి, ఈ ఒప్పందమే చెల్లదు. అవతలివాడు అడ్వకేట్ అయితే, గెలుపును బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన డబ్బులో వాటా అడగడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ ప్రకారం నిషేధం. అడ్వకేట్ కాకపోతే 1871 నాటి పెన్షన్ల చట్టం ఉండనే ఉంది. ఇంకా చేతికి రావాల్సిన పెన్షన్ డబ్బు మీద ముందే రాసిచ్చిన ఒప్పందాలు చెల్లవని దాని 12వ సెక్షన్ చెబుతుంది. నూట యాభై ఏళ్ల కిందటే ఇలాంటి వాళ్లు ఉండబట్టే కదా ఆ సెక్షన్ రాసి ఉంటారు!

"అమెరికాలో ఇలాగే పర్సెంటేజీ తీసుకుంటారు" అని ఒక గ్రూపులో ఎవరో వాదించారు. అక్కడ కూడా మొదటి దరఖాస్తు రాసిపెట్టినందుకు ఫీజు తీసుకోకూడదు. ప్రభుత్వ గుర్తింపున్న ఏజెంటో లాయరో అయితేనే, అదీ మొదటి నిర్ణయం వచ్చాకే తీసుకోవచ్చు. దానికీ పరిమితులున్నాయి. అక్కడి మాజీ సైనికుల సంఘాలు ఉచితంగానే చేసిపెడతాయి.

"ఆరు నెలలు దాటితే హక్కు పోయినట్టే."

సగం నిజం. తిరస్కరణ ఉత్తరం అందాక మొదటి అప్పీలుకు ఆరు నెలలు, అదీ కొట్టేస్తే రెండో అప్పీలుకు ఆరు నెలలు అన్నది నిజమే. కానీ ఆలస్యానికి కారణం చూపించి అప్పీలు పెట్టుకోవచ్చు. పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి ఆగిన ప్రతి నెలా అన్యాయం కొనసాగుతున్నట్టే. 2008 నాటి తర్సేమ్ సింగ్ కేసు దీనికి మంచి ఉదాహరణ. ఆయన 1983లో బయటికి వచ్చి 1999లో కోర్టుకెక్కాడు. పదహారేళ్లు! హక్కు పోలేదు, బకాయిలు మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేశారు. అంటే ఆలస్యం చేస్తే పోయేది హక్కు కాదు, డబ్బు. కంగారుపడి ఖాళీ కాయితం మీద సంతకం పెట్టకండి, అలాగని కాయితాలు అటక మీద పడేసి కూర్చోనూ వద్దు. ముఖ్యంగా పెన్షనే లేకుండా వచ్చేసిన వాళ్ల సర్వీసు రికార్డులు 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేస్తారు. అవి పోయాక వాదించడానికి పునాదే ఉండదు.

"ప్రయాగ్‌రాజ్‌లో మనుషులున్నారు."

ఉంటే ఉండనివ్వండి. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా లేదా అన్నది తేల్చేది ప్రయాగ్‌రాజ్ కాదు. పెన్షన్ ఖాతాలు చూసే పీసీడీఏ అక్కడుంది, అంతే. మీ కేసు ముందు మీ విభాగం సర్వీసు కాయితాలుండే రికార్డ్స్ ఆఫీసుది. ఆర్టిలరీ వాళ్లకు నాసిక్ రోడ్, ఈఎంఈ, ఏఓసీ వాళ్లకు సికింద్రాబాద్, సిగ్నల్స్ వాళ్లకు జబల్పూర్, ఎంఈజీ వాళ్లకు బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ వాళ్లకు వెల్లింగ్టన్. పైన అప్పీలు కమిటీలు, ఆ పైన సైనికుల కేసులు విచారించే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకూ అది చెన్నై బెంచి.

ఇక స్పర్శ్ పాస్‌వర్డ్. అప్పీలుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అది అడిగేవాడు మీ పెన్షన్ కోసం అడగడం లేదు, మీ పెన్షన్‌నే అడుగుతున్నాడు.

"సైనిక సంక్షేమ ఆఫీసు దండగ."

ఇందులో కొంత కోపం న్యాయమే. కొన్నిచోట్ల మనుషులు చాలరు, ఉన్నవాళ్లకి మెడికల్ బోర్డు భాష రాదు. "రేపు రండి" అనిపించుకున్న రోజులు నాకూ ఉన్నాయి. కానీ అప్పీలు ఫార్వర్డ్ చేయించడానికి, రికార్డ్స్‌కి ఉత్తరం రాయించడానికి అక్కడ పైసా ఖర్చు లేదు. పైగా 2025 జూలై 26న శ్రీనగర్‌లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వాళ్లు వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టారు. సైనిక సంక్షేమ బోర్డుల్లోనే న్యాయ సహాయ క్లినిక్కులు పెట్టడం దాని ఉద్దేశం. మీ జిల్లాలో క్లినిక్ తెరిచారా అని వెళ్లి అడగండి. తెరవకపోయినా పరవాలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం వికలాంగులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు, ఆదాయంతో పనిలేదు. భర్త పోయాక ఆయన బకాయి కోసం తిరిగే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆ న్యాయ సహాయం కోసం ఫోన్ నంబరు 15100.

ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వస్తే మంచి లాయరు కావాలి, అది నేను కాదనను. మన కేసు మనమే వాదించుకోవచ్చని చట్టంలో ఉన్నా, చెన్నై వెళ్లి ఇంగ్లీషులో నిలబడటం అందరి వల్లా అయ్యే పని కాదు. ఫీజు ఇవ్వండి, తప్పేం లేదు. ఎంతో ముందే అనుకుని, రసీదు తీసుకుని ఇవ్వండి. కేసు వేశానని చెప్పాక ఓఏ నంబరు, అంటే ట్రిబ్యునల్ ఇచ్చే కేసు నంబరు అడగండి. ఆ నంబరు ఉంటే కేసు ఎక్కడుందో ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లో మీ పిల్లలే చూసిపెడతారు.

క్యాంటీన్‌లో కలిసినాయన్ని ఆ నంబరే అడిగాను. లేదన్నాడు. రెండేళ్ల కిందటే అలాంటి ఒకాయనకు "ఫైలింగ్ ఖర్చులు" అని 15,000 ఇచ్చాడట, ఖాళీ వకాల్తా మీద సంతకం పెట్టాడట, బోర్డు కాయితాలు ఒరిజినల్సే ఇచ్చేశాడట. ముందు రూపాయి తీసుకోరన్న మెసేజ్‌నే మళ్లీ నాకు చూపిస్తున్నాడు, పాపం. ఇంట్లో మిగిలింది డిశ్చార్జి బుక్కు ఒక్కటే.

మర్నాడు మా వరండాలో కూర్చుని సమాచార హక్కు దరఖాస్తు రాశాం. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, "నా రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ మొత్తం, చేరినప్పటి మెడికల్ పరీక్ష కాయితం, పోస్టింగుల వివరం" అని మూడు లైన్లు. గడువు 30 రోజులు. నెల తిరక్కుండానే కవరు వచ్చింది. చేరినప్పుడు ఏ జబ్బూ లేదు, ఫిట్. బీపీ, 30 శాతం. రెండు గళ్లలోనూ నో. కారణం గళ్లో అదే లైను, పీస్ స్టేషన్, ఫీల్డుతో సంబంధం లేదు. పక్కన జబ్బు మొదలైన తేదీ: 2008 ఫిబ్రవరి. పోస్టింగుల కాయితం తిప్పాను. ఫీల్డు పోస్టింగైన లేహ్ నుంచి కిందికి దిగింది 2007 సెప్టెంబరు. "అయిదు నెలలేనా?" అన్నాడాయన కళ్లజోడు సర్దుకుంటూ. అప్పీలు అక్కడి నుంచే మొదలుపెట్టాం.