బీట్ వదిలి పీఆర్‌లోకి వెళ్తే సోర్సుల గతేంటి?

విజయవాడలో పాత జర్నలిస్టు మిత్రులు ఎక్కడ కలిసినా ఈమధ్య ఇదే మాట: "ఫలానా ఆయన కూడా పీఆర్‌లోకి (పబ్లిక్ రిలేషన్స్) వెళ్లిపోయాడట." 2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని ఇటు వచ్చాక పొలిటికల్ బీట్‌లో, అంటే రాజకీయ వార్తలు రాసే పనిలో నలిగినవాళ్లకు ఇక్కడ గిరాకీ పెరిగింది. నాయకులకే కాదు, బిల్డర్లకు, ఆస్పత్రులకు, కాలేజీలకు కూడా పరువు కాపాడే మనిషి కావాలి.

వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను. పత్రికా ఉద్యోగుల జీతాల మీద మజీథియా వేతన సిఫారసులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయినా మండల విలేకరి బతుకు లైన్ అకౌంట్ (అచ్చయిన వార్తకు లైన్ల లెక్కన ఇచ్చే డబ్బు) దగ్గరే ఆగింది. పైగా యాడ్స్ టార్గెట్ల టెన్షన్. పిల్లల ఫీజులు కట్టాల్సిన వయసులో మంచి జీతం పిలిస్తే ఎవరు కాదంటారు?

నా బాధ వేరు. అక్కడ కొనేది రాతను కాదు. ప్రెస్‌నోట్ ఎవరైనా రాస్తారు. జిల్లా పేజీ ఎన్నింటికి ప్రింటింగ్‌కి వదులుతారో, ఏ రిపోర్టర్ ఏ మాటకు మెత్తబడతాడో తెలిసిన మనిషిని కొంటారు. నేను డెస్క్‌లో ఉండగా ఒక రాత్రి, పేజీ వదలడానికి ఇరవై నిమిషాల ముందు ఫోన్ వచ్చింది. చేసింది ఒకప్పుడు నా పక్క సీట్లో కూర్చున్నతనే. "అన్నా, వార్త ఆపమనను. మావాళ్ల వివరణ కూడా వెయ్యి, చాలు" అన్నాడు. న్యాయమైన మాటే. కానీ ఇరవై నిమిషాల్లో దాన్ని సరిచూసుకోలేమని అతనికి తెలుసు, ఆ పేజీ అతనూ ఏళ్ల తరబడి వదిలినవాడే. వేశాం. ఆ వివరణలో సగం అబద్ధమని మర్నాడు తేలింది.

ఇంకా ఘోరం, ఉద్యోగం వదలకుండానే పక్కన పీఆర్ చేయడం. జేబులో ప్రభుత్వం జర్నలిస్టుకిచ్చే అక్రిడిటేషన్ కార్డు, ఫోన్లో క్లయింటు. అలాంటివాడు రాసిన వార్త చదివేవాడికి ఈ సంగతి తెలిసే దారే లేదు.

రిటైరైన ఐఏఎస్ అధికారి ఏడాదిలోపు ప్రైవేటు కొలువులో చేరాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. మనకు అలాంటి కట్టుబాటు లేదు. చట్టం తెమ్మని నేను అడగను, అది ప్రభుత్వం చేతికి కర్ర ఇచ్చినట్టే. మన సంఘాలే పెట్టుకోవాలి: బీట్‌లో ఉండగా ఎవరి గురించి రాశామో, వాళ్ల దగ్గర ఏడాది పాటు పనికి చేరకూడదు. 2009 ఎన్నికల్లో పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వార్తలా వేసే ప్రచారం) మీద మొదట గొంతెత్తినవాళ్లలో మన జర్నలిస్టుల సంఘం ఏపీయూడబ్ల్యూజే ఉంది. సొంతింటి లోపాన్ని బయటపెట్టిన ఆ సంఘానికి ఇది చేతకాని పని కాదు.

ఇక సోర్సుల, అంటే మనల్ని నమ్మి సమాచారం ఇచ్చేవాళ్ల సంగతి. గుంటూరులో ఒక ప్రభుత్వ ఆఫీసు గుమాస్తా మా మిత్రుణ్ని నమ్మి, ఒక కాంట్రాక్టు ఫైలు ఫొటోలు పంపాడు. కొన్నాళ్లకు ఆ మిత్రుడు అదే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. గుమాస్తా నాకు ఫోన్ చేసి, "సార్, నా మెసేజ్‌లు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు. నేను కనుక్కున్నాను. "ఎప్పుడో తీసేశానన్నా" అన్నాడు మిత్రుడు. నేను నమ్మాను. గుమాస్తా నమ్మలేదు. ఆ తర్వాత మా ఆఫీసు నుంచి ఎవరు చేసినా ఆయన ఫోన్ ఎత్తలేదు.