పేరు వినని వాళ్ళందరికీ తీర్పు చెప్పేసిన ఆ ఫార్వర్డ్

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు ఆరోసారి వచ్చింది. మొదట ప్రార్థన గ్రూపులో "వందనాలు బ్రదర్, తప్పక చదవండి" అంటూ వచ్చింది. మొన్న అదే మెసేజ్‌ను దేవుడంటేనే నమ్మకం లేని ఆఫీసు మిత్రుడు "చూశావా మీ వాళ్ళ దయ" అని నవ్వే బొమ్మ పెట్టి పంపాడు. ఒకరు భయపెట్టడానికి పంపుతున్నారు, ఇంకొకరు వెక్కిరించడానికి. అందులో రాసింది నిజమా కాదా అన్నది మాత్రం ఇద్దరికీ పట్టలేదు.

మెసేజ్ చెప్పేది ఇది: యేసును నోటితో ఒప్పుకోకుండా చనిపోయిన ప్రతి ఒక్కరూ నరకానికే పోతారు. ఆయన పేరు ఎన్నడూ వినని వాళ్ళకూ, పసిపిల్లలకూ మినహాయింపు లేదు. బైబిలంతా ఇదే ఉంది. రెండు వేల ఏళ్ళుగా అన్ని సంఘాలూ ముక్తకంఠంతో ఇదే చెప్పాయి. వేరే మాట ఏదైనా ఉంటే అది 1960ల తర్వాత లోకంతో రాజీపడినవాళ్ళు పుట్టించింది. దాని కింద వాక్యాల పట్టిక, "విశ్వాసము" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క, ఆఖర్న పదిమందికి పంపమని ఆజ్ఞ.

లెక్క గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు. పదిమందికి పంపడం గురించి ఒక్క మాట: విశ్వాసం ఒక్కటే చాలని పైన రాసినవాళ్ళు కింద ఫార్వర్డ్ కూడా తగిలించారు. ఏదో ఒకటి తేల్చుకుంటే బాగుంటుంది.

ఇక వాక్యాలు. "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అని యోహాను 14:6లో ఉంది. వేరే ఏ నామంలోనూ రక్షణ లేదని అపొస్తలుల కార్యములు 4:12లో పేతురు అన్నాడు. కాదనేవాళ్ళు ఎవరు? కానీ ఈ మెసేజ్ రాసినాయన రెండు ప్రశ్నలను కలిపి ముద్ద చేశాడు. రక్షించేది ఎవరు అన్నది ఒక ప్రశ్న. రక్షణ పొందేవాడికి ఆయన పేరు తెలిసి తీరాలా అన్నది రెండోది. మొదటిదానికి దాదాపు అన్ని సంఘాలూ క్రీస్తే అని జవాబు చెబుతాయి. ఇన్ని శతాబ్దాల గొడవంతా ప్రధానంగా రెండోదాని మీద.

అబ్రాహాముకు యేసు పేరు తెలియదు. అయినా రోమా పత్రిక 4వ అధ్యాయంలో పౌలు విశ్వాసానికి మాదిరిగా చూపించింది అతణ్ణే. "అతను వాగ్దానాన్ని నమ్మాడు కదా" అంటారు. అలాగే అనుకుందాం, మరి పేరు తెలియకుండానే అతనికి కుదిరింది కదా? పట్టికలో అబ్రాహాము లేడు. మత్తయి 25వ అధ్యాయం కూడా లేదు. అక్కడ ఆఖరి తీర్పు రోజున నీతిమంతులు ఆశ్చర్యపోయి, నీవు ఆకలిగొని ఉండగా మేమెప్పుడు చూశాం ప్రభువా అని అడుగుతారు. తాము ఎవరికి అన్నం పెట్టారో వాళ్ళకే తెలియదు. "మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి" చేశారు గనుక నాకు చేశారని జవాబు వస్తుంది. ఆ సహోదరులంటే శిష్యులేనని వాదించేవాళ్ళున్నారు, అది తీసిపారేసే వాదనేమీ కాదు. కానీ ఆ భాగాన్ని వదిలేసి బైబిలంతా ఒకే మాట అనడం కుదరదు.

"రెండు వేల ఏళ్ళుగా ముక్తకంఠం" అన్న దగ్గర నాకు నిజంగా నవ్వొచ్చింది. రెండో శతాబ్దంలో విశ్వాసం కోసం తల ఇచ్చిన జస్టిన్, వాక్కుకు, అంటే మనుషులందరిలో ఉండే దైవ వివేకానికి, తగినట్టు బతికినవాళ్ళు నాస్తికులని పేరుపడినా క్రైస్తవులేనని రాశాడు. ఉదాహరణకు సోక్రటీసును చెప్పాడు. సోక్రటీసు యేసుకు నాలుగు వందల ఏళ్ళ ముందువాడు. జస్టిన్‌ది 1960ల రాజీ అనుకోవాలా? మూడో శతాబ్దంలో ఒరిజెన్ అనే వేదాంతి ఇంకా ముందుకు పోయి చివరికి సృష్టి అంతా దేవుని దగ్గరికి తిరిగి వస్తుందని ఆశించాడు. తర్వాత సంఘం ఆ బోధను ఖండించింది, నిజమే. చెప్పినవాడే లేకపోతే ఖండించింది ఎవరిని?

"సంఘానికి బయట రక్షణ లేదు" అన్న సిప్రియన్ మాటను మెసేజ్ పెద్ద అక్షరాల్లో వేసింది. మూడో శతాబ్దపు కార్తేజీ బిషప్పు ఆయన. ఆ మాట అన్నది సంఘం నుంచి చీలిపోయినవాళ్ళు ఇచ్చే బాప్తిస్మం చెల్లుతుందా అన్న తగాదాలో. సువార్త చేరని మనుషుల మీద తీర్పు చెప్పమని అప్పుడు ఆయన్ను ఎవరూ అడగలేదు.

ప్రొటెస్టెంట్లదీ ఒకే గొంతు కాదు. సంస్కర్త జ్వింగ్లీ 1531లో ఫ్రాన్స్ రాజుకు రాస్తూ, పరలోకంలో మీరు చూడబోయేవాళ్ళు వీళ్ళని ఒక జాబితా ఇచ్చాడు. అందులో సోక్రటీసు ఉన్నాడు, గ్రీకు పురాణాల హెర్క్యులిస్ కూడా ఉన్నాడు. అది చూసి తోటి సంస్కర్త లూథర్ మండిపడ్డాడు. ఆయన మండిపడిన సంగతి మన ముక్తకంఠం వాళ్ళకు ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే మేలు.

ఇక కాథలిక్కులు 1962-65 వాటికన్ మహాసభలో హఠాత్తుగా మారిపోయారన్న ఆరోపణ. తమ తప్పు లేకుండా సత్యం తెలియక, మనస్సాక్షి ప్రకారం బతికినవాళ్ళు నిత్యజీవం పొందవచ్చని పోప్ తొమ్మిదవ పయస్ 1863లోనే రాశాడు. ఆయన్ను ఆధునికుడని తిట్టినవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. అమెరికాలోని బోస్టన్‌లో ఫీనీ అనే పాదిరి, కాథలిక్ సంఘంలో చేరనివాడికి రక్షణ లేదని అచ్చం ఈ మెసేజ్ ధోరణిలోనే బోధించాడు. అది సంఘం బోధకు సరైన అర్థం కాదని 1949లో రోము లేఖ పంపింది. పిలిచినా రోముకు వెళ్ళనందుకు 1953లో ఆయన్నే వెలివేశారు. అందరూ బయటే అన్నాయన చివరికి బయట నిలబడ్డాడు.

ఇంతవరకూ చిరాకే. కోపం వచ్చింది పసిపిల్లలూ పేరు వినని వాళ్ళూ అన్న మూడో పాయింటు దగ్గర.

పిల్లల విషయంలో కఠినంగా మాట్లాడినవాళ్ళలో అయిదో శతాబ్దపు బిషప్పు అగస్టీన్ ముందుంటాడు. బాప్తిస్మం లేకుండా పోయిన పసివాళ్ళకు శిక్ష తప్పదన్నాడు. కానీ ఆయన కూడా అది అన్నిటికన్నా తేలికైన శిక్ష అని తగ్గించుకున్నాడు. ఆ మాట మింగుడుపడక మధ్యయుగపు పండితులు బాధ లేని లింబో అనే చోటును ఊహించారు. 2007లో వాటికన్ వేదాంత సంఘం ఒక పత్రంలో ఆ పిల్లల రక్షణ గురించి ఆశపడటానికి బలమైన కారణాలున్నాయని రాసింది. ఖాయమని అనలేదు, ఆశ అంది. పదిహేను వందల ఏళ్ళు ఇంత మంది తడబడుతూ, వెనక్కి తగ్గుతూ, ఆచితూచి మాట్లాడిన చోట మన మెసేజ్‌కు ఒక్క వాక్యం, మూడు ఆశ్చర్యార్థకాలు సరిపోయాయి.

నా స్నేహితురాలి నాన్నగారు రెండు నెలల క్రితం పోయారు. ఆమె విశ్వాసి, ఆయన కాదు. అయినా ప్రతి ఆదివారం కూతుర్ని స్కూటర్ మీద చర్చి దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా గేటు బయట పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. ఎండాకాలం పేపరును నెత్తిన పెట్టుకునేవారు. ఈ మెసేజ్ ఆమెకూ వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టి, మూడో పాయింటును వేళ్ళతో పెద్దది చేసి, "ఇందులో మా నాన్న ఉన్నాడా?" అని అడిగింది.

1552లో మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ రాసిన ఉత్తరం ఒకటి ఉంది. జపానులో కొత్తగా విశ్వాసులైనవాళ్ళు, చనిపోయిన తమ తల్లిదండ్రులకు ప్రార్థనలతోనైనా మేలు చేయలేమా అని ఏడుస్తూ అడిగారట. ఏ దారీ లేదని చెప్పాడు. వాళ్ళ దుఃఖం చూసి తనకూ కన్నీళ్ళు వచ్చినంత పనైందని రాసుకున్నాడు. ఆయన నమ్మింది ఈ మెసేజ్‌లో ఉన్నదే. కానీ ఆయన ఎదురుగా కూర్చుని చెప్పాడు, వాళ్ళ ఏడుపు చూశాడు.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. మెసేజ్ చెప్పే కఠినమైన అర్థం ఎవరో మూర్ఖుడి కల్పన కాదు. 1442లో కాథలిక్కుల ఫ్లోరెన్స్ మహాసభ అన్యులూ యూదులూ చావుకు ముందు సంఘంలో చేరకపోతే నిత్యాగ్నికే పోతారని మొహమాటం లేకుండా రాసింది. ప్రొటెస్టెంట్ విశ్వాస ప్రమాణాల్లోనూ అంత కటువైనవి ఉన్నాయి. లెక్కపెడితే చరిత్రలో ఎక్కువమంది బహుశా అటువైపే తేలతారు. "వేరే మాటే లేదు" అనకుండా "ఎక్కువమంది ఇలా అన్నారు" అని రాసుంటే నేను ఇదంతా రాసేవాణ్ణే కాదు.

పైగా నేను పైన ఏకరువు పెట్టిన జస్టిన్లూ పయస్‌లూ ఆమెకు అక్కరకు రాలేదు. వాళ్ళు మాట్లాడింది పేరు వినని వాళ్ళ గురించి. ఆమె నాన్న విన్నాడు. గేటు దాకా పాటలు వినబడేవి.

అందుకని తెలియదనే చెప్పాను. తెలిసినట్టు రాసినవాళ్ళకూ తెలియదన్నాను. నాశనం కాబోయే సొదొమ పట్టణం కోసం బేరమాడుతూ అబ్రాహాము దేవుణ్ణే నిలదీసిన మాట ఒకటుంది, "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని, అది చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎన్నో అధ్యాయమని అడిగింది. ఆదికాండము 18:25 అన్నాను, ఫోన్‌లో రాసుకుంది.