రెండేళ్ల మాట, డెబ్బై ఏళ్ల మాట

డిసెంబరు 31 రాత్రి హైదరాబాదులోని తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఎక్కడ చూసినా దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. సికింద్రాబాదులో నూరేళ్లు దాటిన రాతి మందిరాల్లోనైనా, శివారు కాలనీల్లో రేకుల షెడ్డు అద్దెకు తీసుకొని నడిపే చిన్న సహవాసాల్లోనైనా, పన్నెండు దాటి కొత్త సంవత్సరపు ప్రార్థన ముగిశాక విశ్వాసులు వరుసగా ముందుకు వెళ్లి, పళ్లెంలో బోర్లించిన వాగ్దాన కార్డుల్లోంచి ఒకటి తీసుకుంటారు. కార్డు మీద బైబిలులోని ఒక్క వచనం ఉంటుంది. దాన్ని అద్దం అంచున దోపుతారు, బీరువా తలుపుకు అంటిస్తారు, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పర్సులో పెట్టుకుంటారు. ఈ ఆచారాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేనూ ఆ వరుసలో నిలబడి పెరిగినవాణ్ణే. అయితే ఆ కార్డు మీద పట్టని సంగతి ఒకటుంది: ఆ మాట మొదట ఎవరితో చెప్పారు, ఎంతకాలానికి చెప్పారు, విన్నవారు దాని నెరవేర్పును కళ్లారా చూశారా అన్నది. దేవుని వాగ్దానాల మీద విశ్వాసం అంటే ఏమిటో తేలేది అక్కడేనని నేను నమ్ముతున్నాను.

కార్డుల మీదా కేలండర్ల మీదా మనవాళ్లు ఎంతో ప్రేమించే వచనం యిర్మీయా 29:11. దేవుడు తన ప్రజలను గూర్చి ఉద్దేశించిన సంగతులు ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అంటుంది ఆ వచనం. ఇది ఒక ఉత్తరంలోని వాక్యం. క్రీస్తుపూర్వం 597లో యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన వారికి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం అది. సరిగ్గా దాని పై వచనం, అంటే పదోది, బబులోనుకు డెబ్బై సంవత్సరాలు గతించిన తరువాతనే తిరిగి రప్పిస్తానని చెబుతుంది. ఆ ఉత్తరం చదివించుకొని విన్నవారిలో ముప్ఫై ఏళ్ల యువకుడు ఒకడున్నాడనుకుందాం. తాను సొంత ఊరు మళ్లీ చూడబోనని అతనికి ఆ క్షణానే అర్థమై ఉంటుంది. అతనికి దొరికిన వాగ్దానం అతని పిల్లలకూ మనవలకూ నెరవేరే వాగ్దానం. మరి అతను చేయాల్సిందేమిటి? ఇళ్లు కట్టుకోవాలి, తోటలు నాటాలి, పిల్లలకు పెళ్లిళ్లు చేయాలి, తనను చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించాలి. పదకొండో వచనంలోని ఓదార్పుకు ముందు ఇంత బరువు ఉంది. కార్డు మీద ఆ బరువు మోసే చోటు లేదు.

ఆ ఉత్తరానికి ముందున్న 28వ అధ్యాయాన్ని మన ప్రసంగ వేదికల మీద అరుదుగా వింటాం. యూదా రాజు సిద్కియా కాలంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, యాజకుల ఎదుట, ప్రజలందరూ వింటుండగా, రెండు సంవత్సరాల్లో బబులోను రాజు కాడి విరిగిపోతుందనీ, మందిరపు పాత్రలూ చెరపోయిన జనమూ తిరిగి వస్తారనీ యెహోవా పేరిట ప్రకటించాడు. ఆ మాటలో దేవుని పేరుంది, ప్రజలు కోరుకున్న శుభం ఉంది, గడువు కూడా ఉంది. అది విన్న యిర్మీయా మొదట అన్నమాట ‘ఆమేన్’. యెహోవా అలాగే చేయుగాక అన్నాడు. తన మనసుకూ అదే ఇష్టం కాబట్టి ఆ మాట అనగలిగాడు. అయితే క్షేమాన్ని ప్రకటించే ప్రవక్త నిజంగా పంపబడినవాడో కాదో ఆ మాట నెరవేరినప్పుడే తెలుస్తుందని కూడా చేర్చాడు. బబులోనుకు లోబడక తప్పదన్న సూచనగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్యకాడిని హనన్యా అప్పుడు లాగి విరిచేశాడు. కొయ్యకాడి విరిస్తే దానికి బదులు ఇనుపకాడి వస్తుందన్న జవాబు తరువాత వచ్చింది. ఆ సంవత్సరమే, ఏడో నెలలో, హనన్యా మరణించాడని అధ్యాయం ముగుస్తుంది.

ఈ ఇద్దరిలో ఆనాడు విశ్వాసం గలవాడిగా ఎవరు కనిపించి ఉంటారు? రెండేళ్లన్నవాడే. డెబ్బై ఏళ్లన్నవాడు నిరాశావాదిగా, దేశద్రోహిగా కూడా కనిపించాడు. గ్రంథం మాత్రం తేల్చి చెప్పింది: హనన్యా ప్రజలను అబద్ధాన్ని నమ్మేలా చేశాడు. దేవుని వాగ్దానానికి మన తొందర కొద్దీ గడువు వేస్తే అది విశ్వాసాన్ని పెంచదు, నమ్మకూడని మాటను నమ్మిస్తుంది.

దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మా పెద్దనాన్న మూత్రపిండాల జబ్బుతో వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్న ఏడాది, పెద్దమ్మకు స్వస్థత వచనం ఉన్న కార్డు వచ్చింది. ఆ వచనాన్ని పట్టుకొని ఉపవాసాలు ఉండమనీ, ఆ సంవత్సరం ముగిసేలోగా స్వస్థత దొరికిందని కూటంలో సాక్ష్యం చెప్పే రోజు వస్తుందనీ ఒక ప్రార్థన కూటంలో ఆమెకు గట్టిగా చెప్పారు. అక్టోబరులో ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. పరామర్శకు వచ్చినవారిలో ఒకరు, ‘అమ్మా, ఎక్కడో మన విశ్వాసంలోనే లోపం ఉండి ఉంటుంది’ అన్నారు. ఆ రోజుల్లో ఆమె కూరలో ఉప్పు వేశానో లేదో కూడా మరిచిపోయేది కానీ, ఆ మాటను మాత్రం ఎన్నేళ్లకూ మరిచిపోలేదు. భర్త పోయిన దుఃఖానికి తోడు, ఆయన పోవడానికి తానే కారణమేమోనన్న అనుమానం ఆమె నెత్తిన పడింది. ఇది చిన్న తప్పు కాదు. గాయపడినవారిని కట్టవలసిన సంఘంలోనే జరిగిన గాయం.

మన భాషలోకి వచ్చిన బైబిలు ఈ తప్పును సరిదిద్దే మాటలను మన చేతికే ఇచ్చింది. వాడుకలో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. తెలుగు బైబిల్లో అదే మాట మనసులోని ఆశకు కూడా వాడారు. ఆశనూ ఎదురుచూపునూ విడదీయలేని ఒకే పదంలో చదువుకునే అదృష్టం మనది. అలాగే ‘కనిపెట్టు’ అన్న క్రియ. ఆలస్యమైనా దర్శనం కొరకు కనిపెట్టమని హబక్కూకు ప్రవక్త గ్రంథం చెబుతుంది. ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి రాత్రంతా కనిపెట్టుకొని ఉండటం అంటే ఏమిటో తెలిసిన ప్రతి తల్లికీ ఆ మాటలోని ఓర్పు, చూపు, ప్రేమ తెలుసు. ఇక విశ్వాసం అన్న మాటకు తెలుగులో నమ్మకం అనే అర్థంతోపాటు నమ్మకంగా ఉండటం అనే అర్థమూ ఉంది. హీబ్రూలోని ‘ఎమూనా’ కూడా ఇంత విశాలమైనదే. మరో విశేషం, హీబ్రూ పాత నిబంధనలో వాగ్దానానికి ప్రత్యేకించిన నామవాచకం లేదు. దేవుడు ‘పలికెను’ అనే అంటుంది. అందువల్ల చెప్పినవాడి నుంచి మాటను తుంచి విడిగా పట్టుకోవడానికి అక్కడ చోటే లేదు.

ఈ నగరంలో ముషీరాబాదు గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ఉంది. 2000 సెప్టెంబరు 17న కన్నుమూసిన సువార్తికుడు, సహోదరుడు భక్త్ సింగ్ పరిచర్యకు అది కేంద్రం. ఆ పేరు పలికే చాలామందికి అది కూటాలు జరిగే ఆవరణగానే తెలుసు గానీ, అసలు హెబ్రోను అనే ఊరి కథ వాగ్దానాలను గురించి బైబిలు చెప్పే అతి లోతైన కథల్లో ఒకటి. అబ్రాహాము డెబ్బై అయిదేళ్ల వయసులో హారాను విడిచి బయలుదేరాడు. ఆ దేశమంతా నీ సంతానానికి ఇస్తానన్న మాట విన్నాడు. హెబ్రోనులో మమ్రే దగ్గర గుడారం వేసి బలిపీఠం కట్టాడు. వాగ్దానపుత్రుడు ఇస్సాకు పుట్టేసరికి అతనికి నూరేళ్లు. మధ్యలో ఇరవై అయిదేళ్ల ఎదురుచూపు, దాసి హాగరుకు ఇష్మాయేలు పుట్టుక, బోర్లపడి నవ్విన సందేహం. తరువాత శారా నూట ఇరవై ఏడేళ్ల వయసులో ఆ హెబ్రోనులోనే చనిపోయింది. భార్యను పాతిపెట్టడానికి అతనికి చోటు లేదు. ‘నేను మీయెదుట పరదేశిని’ అని ఆ ఊరివారైన హేతు కుమారులను బతిమాలి, వారిలో ఒకడైన ఎఫ్రోనుకు నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి, మక్పేలా గుహను కొన్నాడు. దేశమంతా తన వంశానికి వాగ్దానం చేయబడిన మనిషి, తనకు మాట ఇచ్చిన నేలలోనే వెండి తూచి సమాధి స్థలం కొనుక్కున్నాడు. నూట డెబ్బై అయిదేళ్లు బతికి, నిండు నూరు సంవత్సరాలు ఆ వాగ్దానం కింద నడిచి, చివరికి అతనూ ఆ గుహలోకే చేరాడు. ‘పాదము పట్టునంత భూమి’ కూడా దేవుడు అతనికి స్వాస్థ్యంగా ఇవ్వలేదని అపొస్తలుల కార్యములు 7:5 దాచకుండా చెబుతుంది.

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్ని మనం విశ్వాసవీరుల పట్టికగా చదువుతాం. ‘వీరందరు ఆ వాగ్దానముల ఫలము అనుభవింపక పోయినను, దూరమునుండి చూచి’ వందనం చేసి, విశ్వాసం గలవారై మృతినొందారని దాని పదమూడో వచనం. అనుభవింపకపోవడం వారి అవిశ్వాసానికి రుజువని ఆ పత్రిక రాసినవారు అనుకోలేదు. సింహాల నోళ్లు మూయించినవారినీ, రంపాలతో కోయబడినవారినీ ఒకే అధ్యాయంలో, ఒకే గౌరవంతో పేర్కొన్నారు.

వాగ్దానాన్ని సందర్భం నుంచి విడదీసి వాడటం గురించి సువార్తల్లోనే ఒక హెచ్చరిక ఉంది. మన ఇళ్ల గుమ్మాల మీద కనిపించే 91వ కీర్తనను అరణ్యంలో యేసు ముందు వల్లించింది శోధకుడైన సాతాను. పాదానికి రాయి తగలకుండా దూతలు ఎత్తుకుంటారన్న మాట నిజమైతే దేవాలయ శిఖరం మీది నుంచి దూకి చూపించమన్నాడు. వచనంలోని మాటల్లో తప్పు లేదు. దేవుణ్ణి పరీక్షకు నిలబెట్టడానికి దాన్ని వాడటంలో తప్పుంది. ప్రభువైన నీ దేవుని శోధింపవలదన్న ద్వితీయోపదేశకాండపు మాటతో యేసు దానికి జవాబిచ్చాడు.

అడుగుడి మీకియ్యబడును అన్న మాట లేదా, విశ్వాససహితమైన ప్రార్థన రోగిని స్వస్థపరచునని యాకోబు 5:15లో లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. దాన్ని పలచన చేసే హక్కు నాకు లేదు, స్వస్థత పొందినవారి సాక్ష్యాలను కాదనే ధైర్యమూ లేదు. అయితే అడుగుడి అని చెప్పినవాడే గెత్సేమనేలో ఈ గిన్నె తొలగిపోనిమ్మని మూడుసార్లు అడిగాడు, గిన్నె తొలగలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకున్నాడు, ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. అడగడం విశ్వాసమైనట్టే, ఆ జవాబు విన్నాక కూడా అదే తండ్రిని తండ్రీ అని పిలవడమూ విశ్వాసమే. మా పెద్దమ్మ అది చేసింది. ఆ రెండోదానికి మన కూటాల్లో సాక్ష్యమన్న పేరు ఎందుకు రాలేదో నాకు బాధగా ఉంటుంది.

సాక్ష్యాల సమయంలో పొందినవారితోపాటు ఇంకా కనిపెట్టుకొని ఉన్నవారిని కూడా నిలబెట్టి మాట్లాడనివ్వవచ్చు. ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణి నిలదీసే 13వ కీర్తనను కన్నీటితో బిగ్గరగా చదువుకోవచ్చు. కార్డు తీసుకున్నవారు ఇంటికి వెళ్లి ఆ అధ్యాయం మొత్తం చదివేలా కాపరులు నేర్పవచ్చు. హైదరాబాదుకు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మెదక్ కెథడ్రల్, కరవులో ఆకలిగొన్నవారికి పని చూపి అన్నం పెడుతూ పదేళ్లు కట్టిన కట్టడం. ఎదురుచూసే కాలాన్ని ఇళ్లు కట్టే కాలంగా మలచమన్న యిర్మీయా ఉత్తరం మన నేల మీదా రాళ్ల రూపంలో నిలిచి ఉంది.

ఆ యిర్మీయాకే తరువాత మరో పని పడింది. యెరూషలేము చుట్టూ కల్దీయుల, అంటే బబులోనువారి, సైన్యం ముట్టడి దిబ్బలు వేసి ఉంది. అతను బందీగృహపు ఆవరణలో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలం కొనమన్నాడు. ఆ ప్రాంతమంతా శత్రువు చేతిలోకి పోతున్న వేళ అది. దస్తావేజులు చేతికొచ్చే దాకా నిద్రపట్టని ఈ నగరవాసులకు ఆ కొనుగోలు ఎంత వింతో వేరే చెప్పనక్కరలేదు. యిర్మీయా పదిహేడు తులముల వెండి తూచి, సాక్షులను పిలిచి, క్రయపత్రం మీద సంతకం చేసి, ముద్ర వేసి, బహుకాలం నిలిచేలా మంటికుండలో ఉంచమని తన లేఖకుడు బారూకుకు ఇచ్చాడు. ఇచ్చిన తరువాత అతను చేసిన ప్రార్థన తడబాటుతో నిండి ఉంది: పట్టణం కల్దీయుల చేతికి పోతుండగా పొలం కొనమంటివే ప్రభువా, అన్నాడు. తరువాత పట్టణం కూలింది. అతణ్ణి ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలంలో అతను నాగలి పట్టినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. కుండలో పత్రం మాత్రం, సాక్షుల సంతకాలతో, భద్రంగా ఉంది.